మా నాయనకు తోడు నిలిచిన అందరికీ

నాయన ఎలా ఉన్నారని చాలామంది ఫోన్ చేస్తున్నారు. విడివిడిగా చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను. అరికాలిలో వచ్చిన చర్మ క్యాన్సర్ గజ్జల్లో లింఫ్ గ్రంథులకు చేరడంతో, వాటిని తీసిన ఆపరేషన్ బాగా జరిగింది, ఇంటికి వచ్చేశారు. ఊపిరితిత్తులకు, కాలేయానికి పాకినట్టు స్కాన్‌లో ఏమీ కనబడలేదు.

అందరికంటే ముందు తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో నాయనకు డ్రెస్సింగ్ చేసిన సిస్టరమ్మకు దండం పెట్టాలి. ఏళ్ల తరబడి ఉత్త కాళ్లతో మడిలో తిరిగిన మనిషి కాబట్టి, అరికాలిలో నల్లమచ్చను ఊళ్లో అందరూ ఆనెకాయే అనుకున్నారు. బయాప్సీలో అది మెలనోమా అనే చర్మ క్యాన్సర్ అని తేలింది. చుట్టూ కొంత మంచి చర్మంతో సహా కోసి తీశారు. పుండు మానగానే నాయన ‘ఇంక మళ్లా తిరుపతికి ఎందుకు?’ అన్నారు. ఆ మాట విని సిస్టరమ్మ చేతిలో పని పక్కన పెట్టి వచ్చి ఆయన పక్కన కూర్చుంది.

‘పెద్దాయనా, మానింది పైన. ఈ జబ్బులో మచ్చ లోతే ముఖ్యం. మీది 1 మిల్లీమీటరు దాటింది. కాలిలో కణాలు మిగిలుంటే సాధారణంగా ముందు గజ్జల్లో గ్రంథులకే చేరతాయి, తర్వాత ఎక్కడికైనా పోతాయి’ అని నిదానంగా చెప్పింది. అప్పటికి గజ్జల్లో చేతికి ఏమీ తగల్లేదు. అయినా నెలకోసారి స్నానం తర్వాత ఎలా తడిమి చూడాలో అమ్మకు చేయి పట్టి నేర్పించింది. శనగగింజంత గడ్డను అమ్మ కనుక్కుందంటే ఆ నేర్పు వల్లే. చెకప్ తేదీ దాకా ఆగకుండా వెళ్లాం, సూది పరీక్ష చేసి వెంటనే ఆపరేషన్‌కు పెట్టారు. ఆమె అలా చెప్పి ఉండకపోతే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ కాళ్లు వణుకుతాయి.

కాగితాలన్నీ దగ్గరుండి పూర్తి చేయించిన ఆరోగ్యమిత్రకు, రాత్రిళ్లు వార్డులో కాపలా ఉన్న మా చిన్నాన్న కొడుకులకు, మా ఆవులకు పాలు పితికి డెయిరీకి పోసిన పక్కింటి పిన్నికి కృతజ్ఞతలు.

గ్రంథులు తీసేశారు కాబట్టి కాలు వాస్తోంది, బిగుతు సాక్స్ వేస్తున్నాం. ఈ జబ్బు తిరగబెడితే ఎక్కువగా మొదటి రెండు మూడేళ్లలోనే అంటారు. అందుకే ఇప్పుడు 3 నెలలకోసారి చెకప్‌కు రమ్మన్నారు. చూడ్డానికి వచ్చేవాళ్లు దయచేసి ‘నయమైపోయింది కదా, ఇంక ఆసుపత్రికి తిరగడం ఎందుకు’ అనకండి. ఆయనకు ఆ మాట చాలు, ఆగిపోతారు. ‘చెకప్ ఎప్పుడు?’ అని అడగండి. ఈసారి కారు తానే తెస్తానని పాకాల అన్న ఇప్పటికే మాటిచ్చాడు. ఆయనకూ నమస్కారాలు.