చల్లబడుతోంది కదా మేడమ్, ఇంకేం ప్రాబ్లం?

కస్టమర్ కేర్ విభాగం పెద్దలకు,
నకలు: ఏరియా మేనేజర్ గారికి, మాకు ఏసీ అమ్మిన షోరూం వారికి

విషయం: ఏసీ బిగింపులో ప్రాణాపాయం ఉందని ఎన్నిసార్లు చెప్పినా మీరు వినకపోవడం గురించి.

అయ్యా,

మాది హనుమకొండ, భీమారం. ఈ ఎండాకాలం మొదట్లో మీ కంపెనీ స్ప్లిట్ ఏసీ కొన్నాం. ఎన్ని టన్నులు, ఎన్ని స్టార్లు, మోడల్ నంబరేంటి అన్నవి ఇక్కడ రాయను. ఫోన్ చేసిన ప్రతిసారీ అవన్నీ మొదటి నుంచి మీ వాళ్లకు అప్పజెప్పి నా నోరు పోయింది. మీ కంప్యూటర్లో ఉన్నాయి, తీసి చూసుకోండి. ఇంకో మాట కూడా ముందే చెప్తున్నా. ఏసీ చల్లబడుతుంది, బ్రహ్మాండంగా చల్లబడుతుంది. నా గోడు అది కాదు. అది కాదని మీ వాళ్లలో ఒక్కరికీ అర్థం చేయించలేకపోయాను కాబట్టే ఈ ఉత్తరం.

బిగించడానికి ఒక పిల్లగాడు వచ్చాడు, సంచి మోయడానికి ఇంకొకడు. మేముండేది రెండో అంతస్తు. బయటి యూనిట్ పెట్టే గోడ బాల్కనీ పక్కన, దాని కింద గల్లీ. ఆ పిల్లగాడు బాల్కనీ గోడ దాటి సజ్జ మీద నిలబడ్డాడు. ఒక చేత్తో కిటికీ ఊచ పట్టుకుని, ఇంకో చేత్తో డ్రిల్లింగ్ మిషన్ ఆన్ చేశాడు. నడుముకు బెల్టు లేదు, నెత్తికి టోపీ లేదు, కాళ్లకు హవాయి చెప్పులు. చూస్తుంటే నాకు వణుకు పుట్టింది. బట్టలారేసే తాడు తెచ్చి "బిడ్డా, ఇదన్న కట్టుకో" అంటే నవ్వాడు. "రోజూ చేసే పనే ఆంటీ, ఏం గాదు" అన్నాడు. వాడి మీద నాకు కోపం లేదు. ఎండాకాలంలో ఒక ఇల్లు అయ్యీ కాకముందే ఇంకో ఇంటికి తరుముతారట. బెల్టు కొనివ్వని వాళ్ల మీద ఉంది కోపం.

బ్రాకెట్టుకు గోడవైపు ఉన్న రంధ్రాల్లో సగానికే బోల్టులు పడ్డాయి. మిగతావేవని అడిగితే "కిట్టుల ఇన్నే వచ్చినయ్" అన్నాడు. వేసిన వాటిలో ఒకదాని చుట్టూ ప్లాస్టరింగు పెచ్చు ఊడి లోపలి ఇటుక కనిపిస్తోంది. దాని మీద కూర్చున్నది పాతిక కిలోల బియ్యం బస్తాకంటే బరువైన పెట్టె, పైగా లోపల తిరిగే ఫ్యానుకు అది ఎప్పుడూ అదురుతూనే ఉంటుంది. ఇక వైరు. ఏసీతో వచ్చిన వైరు సాకెట్ దాకా అందలేదని సంచిలోంచి ఇంకో ముక్క తీసి అతికాడు. ఆ ముక్కలో ఉన్నవి రెండే వైర్లు. ఎర్రది ఎర్రదానికి, నల్లది నల్లదానికి మెలేసి టేపు చుట్టాడు. జత దొరకని ఆకుపచ్చ వైరును మడిచి అదే టేపు కింద దాచేశాడు. అది ఎర్త్ వైరని నాకు ఆరోజు తెలియదు. తెలియాల్సిన అవసరం నాకు లేదు కూడా, మీ మనిషికి తెలిస్తే చాలు.

బ్రాకెట్టుకు, రాగి పైపుకు డబ్బులు తన సొంత ఫోన్ నంబరుకే వేయించుకున్నాడు. రసీదు ఇవ్వలేదు. ఫ్రీ ఇన్‌స్టలేషన్ అన్నారు కదా అని అడగబోయాను కానీ అప్పటికే బండి స్టార్ట్ అయింది.

కొన్నాళ్లకు మా అత్తమ్మ తువ్వాల ఆరేస్తూ తడి చెయ్యి ఆ పెట్టెకు ఆనించింది. జిల్లుమని చెయ్యంతా గుంజేసరికి బాల్కనీలోనే కూలబడిపోయింది. రబ్బరు చెప్పులు తొడుక్కుని ఉంది కాబట్టి బతికింది. మా చెల్లెలి కొడుకు ఐటీఐలో ఏసీ మెకానిక్ ట్రేడు చేశాడు. సాయంత్రం వచ్చి టెస్టర్ పెడితే పెట్టె ఒంటి మీదే లైటు వెలిగింది. టేపు విప్పి ఆ ఆకుపచ్చ వైరు చూపించాడు. లోపల ఎక్కడైనా కరెంటు లీకైతే ఎర్త్ వైరు దాన్ని భూమిలోకి దింపుతుందట. ఆ వైరు లేకపోతే ముట్టుకున్న మనిషే వైరు అవుతాడట. "ఎంసీబీ ఉంది కదరా" అన్నాను. "పెద్దమ్మా, అది వైర్లు కాలకుండా చూస్తది, మనిషిని కాదు. మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ, 30 మిల్లీయాంప్‌లు లీకైనా పడిపోతది. అది పెట్టించుకోమని మీకు ఎవరన్నా చెప్పిన్రా?" అన్నాడు. ఎవరు చెప్తారు నాయనా! మాకు చెప్పిందల్లా యాప్‌లో ఐదు స్టార్లు ఇవ్వమని.

పైపుల్లో గాలి లాగే వాక్యూమ్ పంపు తెచ్చారా అని కూడా అడిగాడు. తేలేదు. కొంచెం గ్యాస్ వదిలి దాంతోనే గాలిని బయటికి తోసేశాడు ఆ పిల్లగాడు, నేను చూశాను. అలా చేస్తే గాలి, తేమ లోపలే మిగిలి కంప్రెసర్ పాడవుతుందట. అది మీ యంత్రం బాధ, పోనివ్వండి. కానీ మీ పెట్టె మీద ఆర్-32 అని రాసి పక్కనే మంట బొమ్మ వేశారు. ఆ గ్యాసుకు అంటుకునే గుణం కొద్దిగా ఉందని ఆ బొమ్మకు అర్థం. ఆ బొమ్మ ముందు నిలబడి సంచి మోసే అబ్బాయి సిగరెట్ వెలిగించాడు.

ఆ రాత్రే ఎంసీబీ దించేశాం. తెల్లారి మీకు ఫోన్ చేశాను. అసలు కథ అక్కడ మొదలైంది.

తెలుగు కోసం నొక్కమన్న అంకె నొక్కితే హిందీలో మాట్లాడే అమ్మాయి వచ్చింది. నాకు వచ్చిన హిందీలో షాక్ కొడుతోందని చెప్పాను. "ఏసీ కూలింగ్ చేస్తోందా మేడమ్?" అని అడిగింది. చేస్తోంది. "అయితే ప్రాబ్లం ఏంటి మేడమ్?" షాకమ్మా, షాకు! కాసేపు పాట వినిపించి మళ్లీ వచ్చింది. ఆమె ముందున్న లిస్టులో కూలింగ్ లేదు, నీళ్లు కారుతున్నాయి, చప్పుడు వస్తోంది, రిమోట్ పనిచేయట్లేదు అన్నవే ఉన్నాయట. షాక్ లేదట, బోల్టు లేదట. ఏదో ఒకటి ఎంచుకోకపోతే ఫిర్యాదు ముందుకు పోదట. ఆమే జాలిపడి "చప్పుడు" అని రాసుకుంది.

చప్పుడు చూడటానికి మనిషి వచ్చాడు. నేను బాల్కనీకి రమ్మంటే గదిలోకి పోయి ఏసీ ఆన్ చేయమన్నాడు. షాక్ కొడుతుంది, చేయనన్నాను. "ఆన్ చేయకుంటే చప్పుడు ఎట్ల తెలుస్తది మేడమ్?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే! ఎర్త్ వైరు చూపిస్తే, వైరింగ్ కరెంటోళ్ల పని, బోల్టులు ఇన్‌స్టలేషన్ వాళ్ల పని, తాను సర్వీస్ మనిషినని చెప్పి గేటు దాటకముందే నా ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. మీ ఫిర్యాదు సంతృప్తికరంగా పరిష్కరించబడింది, రేటింగ్ ఇవ్వండి అని.

మళ్లీ చేశాను. ఈసారి తెలుగబ్బాయే దొరికాడు, ప్రాణం లేచొచ్చింది. ఓపిగ్గా విన్నాడు, అయ్యో అన్నాడు, పై వాళ్లకు పంపిస్తానన్నాడు. కాసేపటికి ఇంకెవరో ఫోన్ చేసి, మీ ఇంటికి టీమ్‌ను పంపాలంటే ఓటీపీ చెప్పాలన్నారు. చెప్పాను. అది టీమ్‌ను పంపే ఓటీపీ కాదు, ఫిర్యాదును మూసేసే ఓటీపీ. నా నోటితోనే నా ఫిర్యాదుకు సమాధి కట్టించారు. ఈ తెలివిలో పదో వంతు బోల్టుల మీద పెట్టి ఉంటే ఈ ఉత్తరం మీకు చేరేదే కాదు.

షోరూంకు వెళ్తే, కొనే రోజు కూల్‌డ్రింక్ ఇచ్చి కుర్చీ వేసిన మనిషి తలెత్తకుండా "అమ్మడం వరకే మా పని అక్కా, తర్వాత అంతా కంపెనీదే" అన్నాడు. కంపెనీని అడిగితే బిగించింది షోరూం పంపిన ఏజెన్సీ అన్నారు. ఏజెన్సీ నంబరు పట్టుకుని చేస్తే, ఆ పిల్లగాడు మా దగ్గర మానేశాడన్నారు. అతను మానేస్తే బోల్టులు కూడా మానేస్తాయా? ఆ రోజు నాతో సంతకం పెట్టించుకున్న కాగితం మీద మీ కంపెనీ గుర్తే ఉంది, రంగుల్లో ఉంది. జాగ్రత్తగా దాచాను.

మీ ఏరియా మేనేజర్ గారు పెద్ద మనిషి, ఒకసారి ఫోన్ ఎత్తారు. ఫోటోలు వాట్సాప్ చేయమన్నారు. బోల్టులు, పెచ్చు ఊడిన గోడ, టేపు, ఆకుపచ్చ వైరు, అన్నీ పంపాను. నీలం టిక్కులు పడ్డాయి. అంతే. చాలా రోజులకు వచ్చిన జవాబేంటంటే, "గోడ వీక్ ఉంది మేడమ్, ఇది కస్టమర్ సైడ్ ఇష్యూ." గోడ వీక్‌గా ఉంటే రంధ్రం పెట్టకముందు చూడాల్సింది ఎవరు సార్? ఇటుక కనిపించినప్పుడు ఆపి, ఇక్కడ వద్దు, కింద దిమ్మె కట్టించండి అని చెప్పాల్సింది ఎవరు? మేం కట్టించేవాళ్లం కదా.

పోనీ మా పిల్లగాడితోనే సరిచేయించుకుంటాం అన్నాను. వెంటనే అందరికీ మాట వచ్చేసింది! బయటివాళ్లు ముట్టుకుంటే వారంటీ పోతుందట. మీరు చేయరు, ఇంకొకరిని చేయనివ్వరు. భూపాలపల్లి, రామగుండం ఎండల గురించి టీవీలో చెప్తుంటే మీరు చల్లటి ఆఫీసులో కూర్చుని విని ఉంటారు. మా దగ్గర ఆ ఎండలో డబ్బులు పోసి కొన్న ఏసీ గోడకు వేలాడుతుంటే, మా అత్తమ్మ తడి చాప మీద పడుకుంటోంది. అది కూడా నేను ఓర్చుకుంటా. కానీ సాయంత్రం గాలిదుమారం లేచినప్పుడల్లా నా గుండె గల్లీలోనే ఉంటుంది. ఆ పెట్టె కిందనే స్కూలు వ్యాను ఆగేది. ఇప్పుడు ఆ చోట రెండు విరిగిన కుర్చీలు వేసి, తాడు కట్టి, ఎవరూ నిలబడకుండా కాపలా కాస్తున్నాం. వీధి వాళ్లు అడిగితే మీ కంపెనీ పేరు చెప్తున్నాను, ఉచిత ప్రచారం.

మా ఇంట్లో ఫ్రిజ్ మీదే, వాషింగ్ మిషన్ మీదే. కాజీపేటలో మా మరిదికి నేనే బలవంతం చేసి మీ టీవీ కొనిపించాను. దసరాకు ఆఫరుందని పేరు పెట్టి పిలిచి మరీ మెసేజ్ పంపుతారు, అప్పుడు నా నంబరు భలే గుర్తుంటుంది. కార్తీకంలో మా అమ్మాయి పెళ్లి. సామానంతా మీదే కొందామని రాసుకున్న లిస్టు మొన్న చించేశాను.

మెయిల్ పెడితే వచ్చిన జవాబు గురించి చెప్పకపోతే పాపం. "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము" అంటూ ఎవరో మగాయన పేరుతో మొదలైంది. రిమోట్‌లో బ్యాటరీలు మార్చి చూడమన్నారు.

ఇప్పుడు వినండి. బెల్టు, సరైన బోల్టులు, వాక్యూమ్ పంపు ఉన్న పని తెలిసిన మనిషిని పంపండి. వైరు అతుకు లేకుండా మార్చాలి, ఎర్త్ కలపాలి, మా ముందు టెస్టర్ పెట్టి చూపించాలి. గోడ ఆగదంటే ఎక్కడ పెట్టాలో చెప్పి అక్కడ పెట్టాలి. ఈ మాట నేను మొదటి ఫోన్‌లోనే అడిగాను, అప్పుడైతే దాంతో అయిపోయేది. ఇప్పుడు అంతటితో ఆగను. ఏసీ వెనక్కి తీసుకుని డబ్బులివ్వండి, బ్రాకెట్టు డబ్బులతో సహా. మా ఊళ్లో మిగతా ఇళ్లల్లో ఇదే పిల్లగాళ్లు పెట్టిన ఏసీలు ఎన్ని ఉన్నాయో అవన్నీ తిరిగి చూడండి. మా అత్తమ్మకు ఎవరో ఒకరు ఫోన్ చేసి తెలుగులో క్షమాపణ చెప్పండి. ఆమె మీ లిస్టులో "చప్పుడు" కాదు.

ఇవి కాకపోతే ఏం చేయాలో కూడా కనుక్కున్నాను. 1915 అనే వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే తెలుగులోనే వింటారట, మీకంటే నయం. 2019 వినియోగదారుల చట్టం కింద మేం ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, మీ హెడ్డాఫీసు ఏ ఊళ్లో ఉందో మాకు అవసరం లేదు. 5 లక్షల లోపు సరుకుకు ఫీజు కూడా లేదు. తయారుచేసిన వాళ్లనే కాదు, అమ్మిన వాళ్లను, సర్వీసు చేసిన వాళ్లను కూడా అదే చట్టం కింద నిలబెట్టవచ్చట. అంటే మీరు ఒకరి మీద ఒకరు వేలు చూపించుకునే ముగ్గురూ ఒకే బెంచీ మీద కూర్చుంటారు. ఫోటోలున్నాయి, మెసేజ్‌లున్నాయి, నీలం టిక్కులున్నాయి. ఈలోపు ఆ పెట్టె ఎవరి మీదన్నా పడితే అది కేసు కూడా కాదు, ఇంకోటి అవుతుంది. ఈ ఉత్తరం నకలు ఒకటి మా దగ్గర ఉంటుంది కాబట్టి మాకు తెలియదని మీరు అనలేరు.

జవాబు కాగితం మీద రాయండి, కింద పేరూ సంతకం ఉండాలి. ఓటీపీ మాత్రం అడగకండి.

ఇట్లు,
మీ కంప్యూటర్ ప్రకారం సంతృప్తి చెందిన కస్టమర్,
భీమారం, హనుమకొండ