నీ ప్యాంటు కుట్టి పంపిస్తూ

తెనాలి,
ఆదివారం రాత్రి

చిన్ని తల్లీ,

నీ పార్శిల్ గురువారం అందింది. "మూడంగుళాలు పొడవు తగ్గించు నాన్నా, తొడల దగ్గర కాస్త టైట్ చెయ్యి" అని చీటీ పెట్టావు. ఆ రెండు పనుల్లో ఒక్కటే చేశాను, అదీ నువ్వు చెప్పినంత చేయలేదు. ఎందుకో రాద్దామని కూర్చున్నాను. ఫోన్‌లో చెబితే "సరే సరే" అని పెట్టేస్తావు.

ముప్పై ఏళ్లుగా ప్యాంట్లు కుడుతున్నాను, ఇలాంటిది చేతికి రావడం మాత్రం ఇదే మొదలు. బండి మీద పడితే ఒళ్లు కాపాడే రైడింగ్ ప్యాంటు అయినా పైకి మామూలు నీలం జీన్సే. షాపుకి వచ్చినవాళ్లు ఎవరూ రెండోసారి చూడలేదు. తిరగేసి చూశాను. డెనిమ్‌లో పడుగు నీలం, పేక తెలుపు, అందుకే లోపలివైపు తెల్లగా కనిపిస్తుంది. నీ దాంట్లో ఆ తెలుపు కనపడకుండా నడుము నుంచి మోకాలి కిందదాకా పసుపుపచ్చ గుడ్డ లైనింగ్ వేశారు. అంచున లేచిన ఒక్క పోగు కోద్దామని కత్తెర పెడితే, అది బ్లేడ్ల మధ్య జారిపోయింది కానీ తెగలేదు. పోయిన వారమే సాన పట్టించిన కత్తెర తల్లీ అది.

దాన్ని అరామిడ్ అంటారని, కెవ్లార్ ఆ జాతిదేనని తమ్ముడు ఫోన్‌లో చూసి చదివి వినిపించాడు. కెవ్లార్‌ని 1965లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీలో స్టెఫనీ క్వోలెక్ అనే ఆవిడ కనిపెట్టిందట. వాళ్లమ్మ బట్టలు కుట్టేదట. ఆవిడ తయారుచేసిన ద్రావణం పల్చగా, మసకగా ఉందని, మిషన్ రంధ్రాలు పూడుకుపోతాయని దారం తీసే మనిషి ముందు ఒప్పుకోలేదట. ఆవిడ పట్టుబట్టి తీయించింది. ఆ సంగతి విన్నాక ఆ ప్యాంటుని ఇంకాస్త జాగ్రత్తగా మడతపెట్టాను.

తొడల దగ్గర టైట్ చేయాలంటే పక్క కుట్టు విప్పాలి. నీ ప్యాంటుకి అక్కడ మూడు వరసల కుట్టు ఉంది. బండి జారి మనిషి రోడ్డు మీద రాసుకుంటూ పోతే గుడ్డ బాగానే ఉండి కుట్టు దగ్గర విడిపోవచ్చు. నా దగ్గరున్న దారంతో మళ్లీ వేస్తే చూడ్డానికి అంతే నీటుగా ఉంటుంది, బలం మాత్రం అంత ఉండదు. అందుకే ముట్టుకోలేదు. మీ వీధిలో ఆల్టరేషన్ అబ్బాయికి కూడా ఇవ్వొద్దు. వదులుగా ఉంటే మోకాలి ప్యాడ్ పక్కకి జరిగిపోతుంది కాబట్టి అలాగే వేసుకోమని కూడా అనను. ప్యాడ్ జరుగుతోందంటే ఒక సైజు చిన్నది కొనుక్కో.

నీకు ఐదో క్లాసప్పుడు నేను గుంటూరు నుంచి వస్తూ నారాకోడూరు దాటాక పడ్డాను, గుర్తుందా? మలుపులో ఎవరో ఇసుక ఒలకబోసి పోయారు. స్పీడు నలభై కూడా లేదు. ఒంటిమీద ఉన్నది నేను కుట్టుకున్న జీన్సే, మంచి మందం గుడ్డ. మోకాలి దగ్గర మొదలై తొడదాకా చీరుకుపోయింది. హాస్పిటల్లో నర్సమ్మ సెలైన్ పోస్తూ పట్టకారుతో గాయంలోంచి నీలం పోగులు ఒక్కొక్కటే తీసింది. నువ్వు పక్కన నిలబడి పరీక్ష అట్టతో విసురుతూ ఉన్నావు, ఏడవలేదు. పోగు బయటికి వచ్చిన ప్రతిసారీ నా మొహమే చూశావు. జీన్స్ మందంగా ఉంటుంది కదా, అదే కాపాడుతుందని అంతవరకూ నేనూ నమ్మినవాడినే.

అందుకే నువ్వు ఆ హంటర్ బైకు కొన్నప్పుడు నాకు రాత్రిళ్లు నిద్ర పట్టలేదు. హెల్మెట్ పెట్టుకోకపోతే పోలీసులు ఆపుతారు, కాళ్ల సంగతి అడిగేవాడు లేడు. రైడింగ్ ప్యాంటు కొనుక్కోమంటే "ఆ నల్ల ప్యాంట్లు వేసుకుని ఆఫీసుకి ఎలా వెళ్లను నాన్నా, అందరూ అదోలా చూస్తారు" అన్నావు. ఆ మాటలో న్యాయం ఉంది. లాంగ్ ట్రిప్పుకని కొన్న బట్ట ఏడాదిలో రెండుసార్లు బయటికి వస్తుంది. కూకట్‌పల్లి నుంచి మాదాపూర్‌కి నువ్వు రోజూ వెళ్లే దారిలో నీళ్ల ట్యాంకర్ ఒలికించిన తడి, మెట్రో పిల్లర్ల పక్క కంకర, సడన్ బ్రేక్ వేసే ఆటో ఉంటాయి. పడేది అక్కడే. ఇప్పుడు మీటింగ్‌లో కూర్చున్నా ఎవరూ పోల్చలేని ప్యాంటు దొరికింది కాబట్టి ఇక ఏ రోజూ మానొద్దు. మే నెలలో ఉక్కపోస్తుంది, నాకు తెలుసు. ఆఫీసు బ్యాగులో ఒక కాటన్ ప్యాంటు పెట్టుకో, వెళ్లాక మార్చుకో. బండి మీద మాత్రం ఇదే.

ఇక పొడవు. మీ అమ్మది నీ ఎత్తే కదా. నీ ప్యాంటు వేయించి వాకిట్లో మన పాత బండి మీద కూర్చోబెట్టాను. మొదట సిగ్గుపడింది, తర్వాత హ్యాండిల్ పట్టుకుని దిగనంది. నిలబడ్డప్పుడు మడమ కింద మూడంగుళాలు ఎక్కువున్న మాట నిజమే. కూర్చుని మోకాలు మడిచేసరికి ప్యాంటు పైకి లాక్కుని చీలమండ దగ్గరికి వచ్చింది. మూడంగుళాలూ తీసేస్తే పిక్క బయటపడేది. అంగుళమున్నరే తీశాను. ఆ చివర లైనింగ్ లేదు కాబట్టి కోయడానికి భయం లేకపోయింది. పద్దెనిమిదో నంబరు సూది వేసి, పాత మడత రంగు పోకుండా అంచు కలిపాను.

ప్యాడ్‌లు కూడా అలాగే చూసుకోవాలి. నిలబడితే రెండు వేళ్లు కిందికి ఉన్నట్టు అనిపించాలి, కూర్చుంటే సరిగ్గా మోకాలిచిప్ప మీదికి రావాలి. లోపలి సంచిలో వెల్క్రో ఉంది, పైకీ కిందికీ మార్చుకోవచ్చు. నీ ప్యాడ్‌ల మీద ఈఎన్ 1621-1, లెవెల్ 1 అని ఉంది, అది ప్యాడ్‌లు దెబ్బని ఎంత ఆపుతాయో చెప్పే యూరప్ ప్రమాణం. లెవెల్ 2 అయితే దెబ్బ ఇంకా తక్కువ లోపలికి దిగుతుంది, డబ్బులు నేను పంపుతాను, మార్చుకో. తుంటి దగ్గర ఖాళీ సంచులే ఉన్నాయి, వాటికీ కొను. ప్యాంటు లేబుల్ మీద డబుల్ ఏ అని ఉంది, అది ప్యాంటు ఎంత కాపాడుతుందో చెప్పే గ్రేడు. ట్రిపుల్ ఏ కన్నా ఒక మెట్టు తక్కువ, సింగిల్ ఏ కన్నా ఒక మెట్టు ఎక్కువ. ఊళ్లో తిరగడానికి ఇది బాగుంది. గుచ్చుకుంటోందని ఆ లేబుల్ కత్తిరించకు.

ఉతికేటప్పుడు ప్యాడ్‌లు తీసి, తిరగేసి, చన్నీళ్లలో ఉతుకు. బ్లీచ్ వేయొద్దు. తిరగేసినదాన్ని ఎండలో ఆరేయకు, ఆ పసుపు గుడ్డకి ఎండకి బలం తగ్గిపోతుంది. నీడన ఆరేయి.

రేపు పొద్దున్నే కొరియర్‌లో వేస్తున్నాను. అందిన రోజే ప్యాడ్‌లు పెట్టుకుని బండి మీద కూర్చుని, పక్కనుంచి ఎవరిచేతైనా ఫోటో తీయించి పంపు. మోకాలు మడిచి ఉండాలి. ప్యాడ్ ఎక్కడికి వచ్చిందో నేను చూడాలి.

నాన్న