కుంపటి మీద ఎనామిల్ గిన్నె

సంపాదకులకు,

మీ వంటల పేజీలో ఎనామిల్ పూత వేసిన పోత ఇనుప గిన్నెలను బొగ్గుల మీద పెట్టకూడదని రాశారు. పెట్టొచ్చండీ. డల్లాస్ నుంచి మా అమ్మాయి తెచ్చిన ఎర్ర గిన్నెలో మూడేళ్లుగా మా పెరట్లో కుంపటి మీద వండుతున్నాను. మామూలు ఇనుప మూకుట్లో చింతపండు పులుసు పెడితే నల్లబడి ఇనుము రుచి వస్తుంది. ఇందులో ఆ బాధ లేదు, ఎందుకంటే ఆ పూత గాజే.

గాజు కనకే జాగ్రత్తలు. రాజుకుంటున్న మంట మీద పెట్టను. బొగ్గులకు బూడిద పట్టాక, వాటిని పక్కలకు నెట్టి గిన్నె పెడతాను. ఖాళీగా కాల్చను. మూతకున్న నల్ల ప్లాస్టిక్ పిడి తీసేసి స్టీలుది బిగించాను.

తోమడంలోనే దెబ్బతిన్నాను. మొదటి నెలలో కాలే గిన్నెలో చన్నీళ్లు పోస్తే చిట్లిన చప్పుడు! లోపల సన్నటి గీత, దేవుడి దయవల్ల పెచ్చు లేవలేదు. లేస్తే ఆ గిన్నెలో వంట మానేయాల్సిందే. ఇప్పుడు పూర్తిగా చల్లారనిచ్చి, గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, వంటసోడా ముద్ద పట్టించి మెత్తటి పీచుతో రుద్దుతాను. ఇటుక పొడి, స్టీలు పీచు దగ్గరికి రానివ్వను; మా పనమ్మాయికి ఇది చెప్పడానికి వారం పట్టింది. అడుగున మసి అంటకుండా మా అమ్మ కట్టెలపొయ్యి గిన్నెలకు మట్టి పూసేది. నేను పొయ్యెక్కించే ముందు బయటివైపు సబ్బు రాస్తాను. ఎర్రరంగు మాత్రం అడుగున గోధుమరంగుకు తిరిగింది. అమ్మాయికింకా చెప్పలేదు.

ఇట్లు,
ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం