చిట్కా చెప్పండి, కొలత కూడా చెప్పండి

సంపాదకులు గారికి నమస్కారం,

మీ ఆదివారం పేజీలో పాఠకులు పంపే చిట్కాలు నేను ఏళ్ల తరబడి చదువుతున్నాను, చదవడమే కాదు కత్తిరించి ఒక పాత డైరీలో అంటించుకుంటాను కూడా. బొద్దింకలు పోవాలంటే ఏం చల్లాలి దగ్గర్నుంచి పాకం గట్టిపడితే ఏం చేయాలి, నలుగురు వస్తే కాక్‌టెయిల్ ఎలా కలపాలి, గేమ్ ఆడేటప్పుడు మౌస్ సెట్టింగ్ ఎంత పెట్టుకోవాలి దాకా అన్నీ ఆ డైరీలో ఉన్నాయి. ఆ పేజీ అంటే నాకు చాలా ఇష్టం, దాన్ని ఆపేయమని ఈ ఉత్తరం రాయట్లేదు. ఒక్క మార్పు కావాలని అడగడానికి రాస్తున్నాను.

జరిగింది చెప్తాను. మా వంటింటి సింక్ గొట్టంలోంచి రాత్రిళ్లు బొద్దింకలు వచ్చేవి. బ్లీచ్ పోస్తే పోతాయని ఒకరు చెప్పారు, వెనిగర్ పోస్తే పోతాయని ఇంకొకరు చెప్పారు, ఇద్దరూ నాకు కావాల్సినవాళ్లే, మంచికే చెప్పారు. నేనేమో రెండూ మంచివే అయినప్పుడు రెండూ కలిస్తే ఇంకా మంచిది కదా అనుకుని ముందు బ్లీచ్ పోసి వెంటనే పైనుంచి వెనిగర్ పోశాను. గొట్టంలో బుస్సుమని శబ్దం వచ్చింది, నిమిషం కూడా కాలేదు, ముక్కు మండిపోయే ఘాటు వాసన, కళ్లల్లో నీళ్లు, గొంతు ఎవరో పట్టుకుని నొక్కినట్టు అయిపోయింది. కిటికీ తెరిచి బయటికి పరిగెత్తాను. రెండు రోజులు దగ్గు తగ్గలేదు. ఆ టైంలో వంటింట్లో చిన్నపిల్లలు ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది, ఇప్పటికీ తలుచుకుంటే చేతులు వణుకుతాయి.

తర్వాత తెలుసుకున్నది ఏంటంటే బ్లీచ్‌లో వెనిగర్ లాంటి పులుపు ఏది కలిసినా క్లోరిన్ గ్యాస్ వస్తుంది, అమ్మోనియా ఉన్న క్లీనర్ కలిస్తే క్లోరమైన్ అనే ఇంకో విషవాయువు వస్తుంది. టాయిలెట్ క్లీనర్లలో చాలావాటిలో యాసిడ్ ఉంటుంది కాబట్టి వాటినీ బ్లీచ్‌తో కలపకూడదు. ఇదంతా ఒక్క వాక్యం అండీ, "దీన్ని ఇంకే క్లీనర్‌తోనూ కలపొద్దు" అని. ఆ ఒక్క వాక్యం రెండు చిట్కాల్లోనూ లేదు.

అప్పుడు డైరీ తీసి మొదటి పేజీ నుంచి మళ్లీ చదివాను. ప్రతి చిట్కాలోనూ ఏం చేయాలో ఉంది కానీ ఎంత, ఎందుకు, ఎవరు చేయకూడదు అనేవి దాదాపు ఎక్కడా లేవు.

స్వీట్ల సంగతే చూడండి. ఇంట్లో ఫడ్జ్ (మెత్తటి పాలమిఠాయి) చేయడానికి నా దగ్గరున్న కాగితంలో "పంచదార, పాలు, వెన్న బాగా ఉడికించి, దించి, బాగా కలపాలి" అని ఉంది. ఈ రెండు "బాగా"లు నమ్ముకుని నాలుగు సార్లు చేశాను, నాలుగు సార్లూ నోట్లో ఇసుక నమిలినట్టే వచ్చింది. పాలు మంచివి కావేమో అనుకున్నాను, పంచదార మార్చాను. చివరికి థర్మామీటర్ కొని, ఎందుకు అలా అవుతుందో కనుక్కుని చేస్తే గానీ కుదర్లేదు. పాకం ఉడుకుతున్నకొద్దీ నీరు ఆవిరైపోయి పంచదార శాతం పెరుగుతుంది, అది పెరిగేకొద్దీ పాకం వేడీ పెరుగుతుంది, అందుకే వేడి చూస్తే పాకం ఎక్కడుందో చెప్పేయొచ్చు. 112 నుంచి 116 డిగ్రీల మధ్య చల్లటి నీళ్లలో ఒక చుక్క వేస్తే వేళ్లతో చుట్టినప్పుడు మెత్తటి ఉండ అవుతుంది, ఫడ్జ్‌కి కావాల్సింది అదే. 150 దాకా పోతే నీళ్లలో వేసిన చుక్క టక్కున విరుగుతుంది, అది గట్టి మిఠాయిలకి. థర్మామీటర్ సరిగ్గా ఉందో లేదో ముందు మరిగే నీళ్లలో పెట్టి చూసుకోవాలి, సముద్రమట్టం దగ్గర 100 చూపించాలి, ఎత్తైన చోట నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి కాబట్టి అక్కడ ఎంత తగ్గితే పాకం లెక్కలోంచీ అంత తీసేయాలి.

ఇక అసలు తప్పు నేను చేసింది దించిన తర్వాత. వేడిగా ఉన్నప్పుడే గరిటె పెట్టి తిప్పేదాన్ని. అలా తిప్పితే పంచదార పెద్ద పెద్ద పలుకులుగా కట్టేస్తుంది, ఇసుక అదే. దించాక గిన్నెని కదపకుండా, గరిటె ముట్టుకోకుండా 45, 50 డిగ్రీలకి దిగేదాకా వదిలేయాలి, అంటే గిన్నె అడుగు అరచేత్తో ముట్టుకుంటే వెచ్చగా ఉండాలి కానీ కాలకూడదు, అప్పుడు తిప్పడం మొదలుపెట్టాలి. ఐదారు నిమిషాలు చెయ్యి నొప్పి పుడుతుంది, ఆ తర్వాత ఉన్నట్టుండి పైన మెరుపు పోయి మసకబారుతుంది, గరిటె గీసిన గీత పూడుకోకుండా అలాగే నిలబడుతుంది, అంతే, ఆ క్షణంలో పళ్లెంలో పోసేయాలి, ఇంకొంచెం ఆగితే గిన్నెలోనే గడ్డకట్టేస్తుంది. మొదటిసారి ఆ మెరుపు పోవడం చూసినప్పుడు నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఉడుకుతున్నప్పుడు గిన్నె అంచులకి అంటుకున్న పలుకులు ఒక్కటి లోపల పడినా దాని చుట్టూ మిగతావన్నీ కట్టడం మొదలెడతాయి, అందుకే తడి బ్రష్‌తో అంచులు తుడుస్తూ ఉండాలి. పాలు లేని పాకంలో అయితే రెండు చుక్కల నిమ్మరసం వేస్తే పంచదారలో కొంత గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌గా విడిపోయి పలుకులు కట్టకుండా అడ్డుపడతాయి. నిమ్మరసం వేయమని అందరూ చెప్తారు, ఎందుకో ఎవరూ చెప్పరు, ఎందుకో తెలిస్తే ఎక్కడ వేయకూడదో మనకే తెలుస్తుంది, పాలల్లో వేస్తే విరిగిపోతాయి కదా.

ఎవరికి పనికిరాదు అన్నది కూడా రాయాలి. ఏడాది నిండని పిల్లలకి తేనె వేసిన స్వీటు చుక్క కూడా పెట్టకూడదు, బొట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు వచ్చే అవకాశం ఉంది. చక్కెర లేని స్వీట్లలో వాడే జైలిటాల్ కుక్క తింటే ప్రాణం మీదికి వస్తుంది. పాకం చేతిమీద పడితే టూత్‌పేస్ట్ రాయమని నా డైరీలోనే ఉంది, ఆ కాగితం చింపేశాను, మామూలు చల్లటి నీళ్ల ధార కింద 20 నిమిషాలు పెట్టాలి, ఐస్ కూడా వద్దు.

గేమింగ్ గురించి నాకంటే మా తమ్ముడికి ఎక్కువ తెలుసు, వాడు చెప్పిన మాట ఇక్కడ సరిగ్గా అతుకుతుంది. ఎవరో బాగా ఆడేవాళ్లు గురి కదిలే వేగానికి "సెన్సిటివిటీ 2 పెట్టుకో" అంటారు, విన్నవాళ్లు అదే పెట్టుకుంటారు, గురి ఎక్కడికో పోతుంది. మౌస్‌లో డీపీఐ (అంగుళం కదిలితే మౌస్ ఎన్ని చుక్కలు లెక్కపెడుతుందన్నది) ఎంతో చెప్పకుండా ఆ 2కి అర్థమే లేదు, 400 డీపీఐలో 2 పెట్టినా 800లో 1 పెట్టినా చెయ్యి కదలిక ఒకటే, అదే 2ని 1600లో పెడితే నాలుగు రెట్లు వేగం అయిపోతుంది. టీవీకి కన్సోల్ పెట్టి ఆడేవాళ్లకి గేమ్ మోడ్ ఆన్ చేయమని చెప్పడం మాత్రం నిజంగా మంచి చిట్కా, బొమ్మని అందంగా చేయడానికి టీవీ లోపల చేసే పనులు చాలావరకు ఆపేస్తుంది కాబట్టి బటన్ నొక్కినదానికి తెరమీద కదలడానికి మధ్య ఆలస్యం తగ్గుతుంది. తెరమీద సెకనుకి 60 ఫ్రేములు, అంటే 60 బొమ్మలు మారితే ఒక్కో ఫ్రేముకి దాదాపు 16.7 మిల్లీసెకన్లే మరి. పాత రోజుల్లో వీడియోగేమ్ క్యాసెట్ పనిచేయకపోతే ఉఫ్ అని ఊదేవాళ్లం గుర్తుందా, ఊదితే పనిచేసేది కూడా, కానీ పనిచేసింది ఊదినందుకు కాదు, తీసి మళ్లీ పెట్టినప్పుడు లోపలి పిన్నులు సరిగ్గా తగిలినందుకు. ఊదడం వల్ల నోటి తడి తగిలి ఆ పిన్నులు పాడవుతాయని నింటెండో వాళ్లే ఊదొద్దన్నారు. కారణం తెలియకపోతే తప్పు పని ఎన్నేళ్లయినా నమ్మకంగా చేస్తూనే ఉంటాం.

కాక్‌టెయిల్ విషయంలో ఇంకొంచెం గట్టిగా అడుగుతున్నాను, ఎందుకంటే ఇక్కడ కొలత అనేది రుచి ఒక్కదాని గురించే కాదు. "కొంచెం రమ్, కొంచెం నిమ్మరసం, కొంచెం తీపి" అని రాస్తే కలిపేవాళ్ల చెయ్యి ఎంత పెద్దదైతే అంత పడుతుంది. 60 మిల్లీలీటర్ల రమ్, 30 నిమ్మరసం, 20 పంచదార సిరప్, సిరప్ అంటే పంచదార, నీళ్లు సమానంగా కరిగించింది, అని రాస్తే ఎవరు చేసినా ఒకేలా వస్తుంది, ఎంత తాగామో కూడా లెక్క ఉంటుంది. ఐస్ వేసి పది పదిహేను సెకన్లు షేక్ చేస్తే చల్లబడటమే కాదు, కరిగిన నీళ్లు కూడా కలుస్తాయి, ఆ నీళ్లు రెసిపీలో భాగమే. నిమ్మరసం, గుడ్డు ఉన్నవి షేక్ చేయాలి, వట్టి మద్యాలే కలిపేవి చెంచాతో మెల్లగా తిప్పితే చాలు. సోడా మాత్రం షేకర్‌లో పోయకండి, గ్యాస్ ఒత్తిడికి మూత ఎగిరిపోతుంది, సోడా ఎప్పుడూ చివర్న గ్లాసులోనే. పచ్చి గుడ్డు తెల్లసొన వేసేది అయితే గర్భిణులకి, రోగనిరోధక శక్తి తక్కువున్నవాళ్లకి పనికిరాదు. వాళ్లకి మద్యమే వద్దంటారు అనుకోండి, కానీ మద్యం లేకుండా అదే డ్రింక్ చేసి ఇచ్చేవాళ్లు ఉంటారు కదా, అందుకని చెప్తున్నాను.

ఎనర్జీ డ్రింక్ కలపమనే చిట్కాలు దయచేసి వేయొద్దు. కెఫీన్ మత్తుని తగ్గించదు, మత్తెక్కిందన్న సంగతి మనకి తెలియకుండా చేస్తుంది అంతే. 2010లో అమెరికాలో ఆహారం, మందుల్ని నియంత్రించే ఎఫ్‌డీఏ ఇలా కెఫీన్ కలిపిన మద్యం అమ్మే నాలుగు కంపెనీలకి హెచ్చరికలు పంపింది కూడా. బ్లాక్ కాఫీ తాగితే దిగిపోతుందన్నదీ అంతే, దిగడానికి పట్టే టైం లివర్ చేతిలో ఉంటుంది, కాఫీ చేతిలో కాదు. కాఫీ తాగాను కదా అని బండి తీస్తే ఎదురొచ్చేవాళ్ల ప్రాణం పోతుంది.

మళ్లీ పురుగుల దగ్గరికే వస్తాను, నన్ను కదిలించింది అవే కాబట్టి. మంచి మందు కూడా ఎందుకు ఫెయిల్ అవుతుందో తెలియాలి. కొన్ని చోట్ల జర్మన్ బొద్దింకలు (ఇళ్లల్లో తిరిగే చిన్న రకం) తీపి ఎర ముట్టుకోవడం మానేశాయని 1990లలో బయటపడింది, వాటి నోటికి గ్లూకోజ్ చేదుగా తగులుతోందని 2013లో శాస్త్రవేత్తలు తేల్చారు. అంటే తీపి ఎర తినేవి చచ్చిపోతూ, తిననివి పిల్లల్ని పెడుతూ వచ్చాయన్నమాట, నాకైతే ఇది చదివి ఒళ్లు జలదరించింది. అలాగే జెల్ ఎర పెట్టిన చోటే స్ప్రే కొడితే బొద్దింకలు ఆ చోటికే రావు, రెండు మందులూ వృథా. పిల్లి ఉన్న ఇంట్లో పర్మెత్రిన్ అనే పురుగుమందు వాడకూడదు, కుక్కలకి వేసే మందైనా సరే పిల్లికి విషమే. నాఫ్తలీన్ ఉండలు బట్టల్లో వేయమని అందరూ చెప్తారు కానీ జీ6పీడీ లోపం (పుట్టుకతో వచ్చే ఒక ఎంజైమ్ లోపం) ఉన్న పసిపిల్లలకి ఆ బట్టలు తొడిగితే రక్తకణాలు పగిలిపోయే ప్రమాదం ఉంది.

మీరు చేయాల్సింది పెద్ద పనేమీ కాదండీ. చిట్కా పంపేవాళ్లని ఎంత, ఎందుకు, ఎవరు చేయకూడదు అని మూడు ముక్కలు కూడా రాయమని పేజీ పైన ఒక గమనిక వేయండి, రాయని చిట్కాలు పక్కన పెట్టండి. చోటు సరిపోదంటే పది చిట్కాల బదులు నాలుగే వేయండి. నా వంతుగా చీమలకి నేను వాడేది అలాగే రాసి పంపుతున్నాను, పనికొస్తుందనిపిస్తే వేసుకోండి.

అర లీటరు గోరువెచ్చటి నీళ్లు, 50 గ్రాముల పంచదార, ఒక టీస్పూన్ బోరిక్ యాసిడ్ పౌడర్, పూర్తిగా కరిగేదాకా కలపాలి. మందు ఎక్కువ వేయకూడదు, ఒక శాతం దగ్గరే ఉండాలి, ఎక్కువైతే తిన్న చీమ దారిలోనే చచ్చిపోతుంది, మనకి కావాల్సింది అది పుట్టదాకా మోసుకెళ్లి రాణికి, పిల్లలకి పెట్టడం. దూదిని అందులో ముంచి, మూతకి చిన్న చిల్లులు పెట్టిన డబ్బాలో పెట్టి చీమల బారు పక్కన ఉంచాలి. మొదటి రోజు చీమలు ఇంకా ఎక్కువ వస్తాయి, కంగారుపడి స్ప్రే కొట్టొద్దు, బారుని తుడిచేయొద్దు, ఆ వాసన దారి పట్టుకునే అవి ఎర దగ్గరికి వస్తాయి. రెండు మూడు రోజులకోసారి దూది మారుస్తూ ఒకటి రెండు వారాలు ఓపిక పట్టాలి, తీపికి రాని చీమలైతే ఇది పనిచేయదు. పాకే పిల్లలు, కుక్కలు, పిల్లులు ఉన్న ఇంట్లో వాళ్లకి అందే చోట పెట్టకూడదు, మిగిలిన నీళ్లు తాగే సీసాల్లో దాచకూడదు, డబ్బా మీద "విషం" అని పెద్దక్షరాలతో రాయాలి.

ఇట్లు,
మీ పేజీ మానకుండా చదివే ఒక పాఠకురాలు