గోత్‌ల వలసను ఒక్క బాణంతో చూపలేం

సంపాదకులకు,

ప్రాచీన ఐరోపాలోని జర్మానిక్ జనమైన గోత్‌లు మొదటి నుంచీ ఒకే జాతి అని, రోమును కూల్చింది వారే అని మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం, స్వీడన్ నుంచి రోముకు ఒకే బాణం గీసిన పటం, రెండూ పాఠకులను పొరబాటు పట్టించేవిగా ఉన్నాయి.

బెరిగ్ రాజు మూడు ఓడల్లో తన జనాన్ని స్కాండ్జా (స్కాండినేవియా) నుంచి దాటించాడన్న కథ చరిత్రకారుడు జోర్డానెస్ చెప్పినది. కాసియోడోరస్ అనే రోమన్ పండితుడు రాసిన, నేడు లభ్యం కాని చరిత్రను కుదించి ఆయన క్రీ.శ. 551 ప్రాంతంలో, అంటే ఆ వలస జరిగిందన్న కాలానికి ఎన్నో శతాబ్దాల తర్వాత, ఈ గ్రంథం రాశాడు. దాన్ని ఐతిహ్యంగా చెప్పవచ్చు గానీ రుజువైన చరిత్రగా కాదు. తవ్వకాల్లో గోత్‌ల జాడగా పండితులు ఎక్కువగా చూపేది పోలండ్‌లోని విస్తులా నది దిగువ ప్రాంతపు వీల్‌బార్క్ సంస్కృతిని. అక్కడి సమాధుల్లో నగలు, పిన్నులు దొరుకుతాయే తప్ప ఆయుధాలు దాదాపు కనిపించవు. 3వ శతాబ్దం నాటికి నల్లసముద్రానికి ఉత్తరాన విస్తరించిన చెర్న్యాఖోవ్ సంస్కృతిలో గోత్‌లతో పాటు సర్మేషియన్లు, డేషియన్లు అనే వేరే జనాలు కూడా కలిసి బతికారు. దారిలో ఇలా పలువురిని కలుపుకొన్న సమూహాన్ని మొదటి నుంచీ ఒకే జాతి అనడం ఎలా కుదురుతుంది?

వ్యాసం ఒక్క వాక్యంలో దాటేసిన 376 నాటి ఘట్టమే అసలు కీలకం. హూణుల ధాటికి తాళలేక డాన్యూబ్ ఒడ్డుకు చేరిన గోత్‌లు నది దాటనివ్వమని తూర్పు రోమన్ చక్రవర్తి వాలెన్స్‌ను వేడుకున్నారు. సైన్యానికి మనుషులు దొరుకుతారన్న ఆశతో ఆయన సరేనన్నాడు. లూపిసినస్, మాక్సిమస్ అనే రోమన్ అధికారులు ఆకలితో అల్లాడుతున్న ఆ జనానికి కుక్కలను తినడానికిచ్చి, ఒక్కో కుక్కకు ఒక్కో మనిషిని బానిసగా పుచ్చుకున్నారని, వారిలో నాయకుల కుమారులు కూడా ఉన్నారని రాసినవాడు గోత్ కాదు, రోమన్ సైన్యంలో పనిచేసిన చరిత్రకారుడు అమ్మియానస్. తిరుగుబాటు అక్కడ రాజుకుంది. 378 ఆగస్టు 9న ఏడ్రియానోపుల్ (నేటి టర్కీలోని ఎదిర్నే) వద్ద వాలెన్స్ హతుడయ్యాడు, ఆయన సైన్యంలో మూడో వంతు మాత్రమే, అదీ కష్టంగా, బయటపడిందని అమ్మియానస్ రాశాడు.

410లో రోమును దోచిన గోత్ నాయకుడు అలారిక్ అంతకుముందు రోమన్ సేనాని పదవిలో ఉన్నవాడే. 408లో ముట్టడి ఎత్తివేయడానికి ఆయన పుచ్చుకున్న సొమ్ములో బంగారం, వెండితో పాటు 3,000 పౌండ్ల మిరియాలున్నాయి; ఆ రోజుల్లో రోముకు మిరియాలు చేరేది మన మలబారు తీరం నుంచే. ఇక పశ్చిమ రోములో 476లో చక్రవర్తిని దించిన సేనాని ఒడోయాకర్‌ను 493లో చంపింది గోత్‌ల రాజు థియోడొరిక్. అలాంటప్పుడు రోమును గోత్‌లే కూల్చారన్న శీర్షిక ఎలా నిలుస్తుంది?

పటాన్ని సవరించి, విస్తులా, నల్లసముద్ర తీరం, డాన్యూబ్ మజిలీలను కాలాలతో సహా మరోసారి ప్రచురించగలరు.

– విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు, తెనాలి