తొమ్మిదో తరగతికి వచ్చారని ఆట మాన్పించకండి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పరీక్షలు అయిపోవస్తున్నాయి, బెజవాడ ఎండలు మొదలైపోయాయి. రిపోర్టు కార్డులు, కొత్త పుస్తకాల వివరాలు క్లాస్ టీచర్లు మీకు వాట్సాప్‌లో పంపిస్తారు, కాబట్టి నేను ఈ నెల ఒక్క విషయమే రాస్తాను. ఎనిమిదో తరగతి పిల్లల అమ్మానాన్నల్లో చాలామంది నా రూముకి వచ్చి ఒకటే మాట అంటున్నారు: "వచ్చే ఏడాది నుంచి మావాణ్ని ఆటల్లోంచి తీసేయండి మేడమ్, ఫౌండేషన్ క్లాసుల్లో వేస్తున్నాం." మీ టెన్షన్ నాకు తెలుసు. చుట్టూ అన్నీ కాలేజీల హోర్డింగులే, వాటి మీద అన్నీ ర్యాంకులే. అయినా పేరు కొట్టించే ముందు టామ్ డేలీ గురించి కొంచెం చదవండి. మన స్విమ్మింగ్ పిల్లలకి అసెంబ్లీలో చెప్పాను, మీకు చెప్పడం ఇంకా అవసరం అనిపించింది.

ఇంగ్లండ్‌లో ప్లిమత్ అనే ఊరి కుర్రాడు. అతని ఆట ప్లాట్‌ఫారం డైవింగ్, అంటే పది మీటర్ల ఎత్తు నుంచి, మూడంతస్తుల మేడ మీద నుంచి దూకినట్టు, గాల్లో పల్టీలు కొట్టి, మెలికలు తిరిగి, చేతులు ముందుగా నీళ్లలోకి దిగాలి. గాల్లో ఉండేది రెండు సెకన్లు కూడా కాదు, నీటిని తాకేసరికి వేగం గంటకు 50 కిలోమీటర్లకు పైనే. అంత వేగంలో నీళ్లు మెత్తగా ఉండవు. మణికట్లు, భుజాలు, వెన్ను ఏళ్ల తరబడి ఆ దెబ్బ తింటూనే ఉంటాయి, అందుకే ఈ ఆటలో చాలా సాధన నీళ్ల బయట ట్రాంపొలీన్ మీద, మెత్తటి ఫోమ్ గుంటల్లో జరుగుతుంది.

టామ్ 2008లో బీజింగ్ ఒలింపిక్స్‌కి వెళ్లినప్పుడు వయసు 14, సరిగ్గా మన ఎనిమిది, తొమ్మిది క్లాసుల పిల్లల వయసు. విడిగా ఏడో స్థానం వచ్చింది, ఇద్దరు ఒకేసారి ఒకేలా దూకే జంట పోటీలో ఎనిమిది జంటల్లో ఆఖరు. తర్వాత స్కూలుకి తిరిగొస్తే తోటి పిల్లలు ఏడిపించారు, పేర్లు పెట్టారు, అది ఎంత ముదిరిందంటే స్కూలే మారాల్సి వచ్చింది. ఇది చదివినప్పుడు ఒక హెచ్ఎంగా నా మనసు చివుక్కుమంది. మన దగ్గర జిల్లా పోటీలకి వెళ్లొచ్చిన పిల్లల్ని ఎవరైనా వెక్కిరిస్తే, గెలిచినా ఓడినా సరే, అదే రోజు నాకు చెప్పమని టీచర్లందరికీ చెప్పాను. మీ పిల్లలు ఇంట్లో అలాంటిదేమైనా అంటే మీరూ చెప్పండి, నేరుగా నాకే ఫోన్ చేయండి.

మరుసటి ఏడాదే, 15 ఏళ్లకి, రోమ్‌లో ప్రపంచ చాంపియన్ అయ్యాడు. ఆ రోజు ప్రెస్ మీట్‌లో విలేకరుల మధ్య కూర్చున్న వాళ్ల నాన్న లేచి, నన్నొకసారి కౌగిలించుకోవా అని అందరి ముందూ అడిగాడు, పిల్లాడు సిగ్గుతో ఎర్రబడిపోయాడు. ఎక్కడ పోటీ ఉన్నా వెంట వెళ్లిన ఆ తండ్రి 2011లో మెదడులో కణితితో 40 ఏళ్లకే చనిపోయాడు. టామ్‌కి అప్పుడు 17. ఆ మరుసటి ఏడాది లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం. ఇంకోటి, ఇది ముఖ్యంగా మీకోసం: ఈ మధ్యలోనే మన ఇంటర్‌లాంటి పరీక్షలు, లెక్కలు, స్పానిష్, ఫొటోగ్రఫీ, మంచి గ్రేడ్లతో పాసయ్యాడు. ఒక సబ్జెక్టు 2011లోనే ముగించి మిగతావి తర్వాతి ఏడాది రాశాడు. చదువు వదల్లేదు, సర్దుకున్నాడు, అతని స్కూలు అందుకు ఒప్పుకుంది.

లండన్ ఫైనల్లో మొదటి డైవ్‌కి కెమెరా ఫ్లాష్‌లు కళ్లలో పడ్డాయి, మళ్లీ చేసే అవకాశం ఇచ్చారు, పతకం కూడా వచ్చింది. కానీ ఆ తర్వాత ఆ ఒక్క డైవ్ అంటే భయం పట్టుకుంది. ప్రపంచ చాంపియన్‌కి! చాలాకాలం దానితో పోరాడాడు, నిపుణుల సాయం తీసుకున్నాడు, చివరికి దాన్ని పక్కన పెట్టి కొత్త డైవ్ నేర్చుకున్నాడు. పిల్లాడు ఏదైనా భయంగా ఉందంటే మనం వెంటనే బద్ధకం అనేస్తాం. దయచేసి అలా అనకండి, ఏది భయమో అడగండి.

2016 రియో ఒలింపిక్స్‌లో ఇంకా విచిత్రం. జంటగా కాంస్యం వచ్చింది, విడిగా మొదటి రౌండ్లో అందరికంటే ముందున్నాడు, మర్నాడు సెమీఫైనల్లో 18 మందిలో పద్దెనిమిదోవాడు. మన ఇళ్లలో అయితే ఇక చాలు ఉద్యోగం చూసుకో అనేవాళ్లం. 2017లో బుడాపెస్ట్‌లో మళ్లీ ప్రపంచ చాంపియన్. 2021లో, టోక్యో ఒలింపిక్స్‌కి కొద్ది వారాల ముందు, మోకాలికి ఆపరేషన్. ఆ కాలితోనే మ్యాటీ లీతో కలిసి దూకి చైనా జంట మీద 1.23 పాయింట్ల తేడాతో స్వర్ణం గెలిచాడు. మొదటి ఒలింపిక్స్‌కీ మొదటి స్వర్ణానికీ మధ్య 13 ఏళ్లు! అక్కడే విడిగా ఇంకో కాంస్యం కూడా వచ్చింది.

ఆ టోక్యోలోనే గ్యాలరీలో కూర్చుని ఊలుతో అల్లుతూ కనిపించాడు, గుర్తుందా? లాక్‌డౌన్ రోజుల్లో, ఖాళీ ఉన్నప్పుడు కుదురుగా కూర్చోమని కోచ్ పోరు పెడితే మొదలైన అలవాటది. పతకానికి సంచీ కూడా తనే అల్లుకున్నాడు. మన పిల్లలకి క్లాసు, ట్యూషన్, ఫౌండేషన్ కాకుండా చేతులకి పని చెప్పే ఇలాంటిదొకటి ఉండాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

తర్వాత కొంతకాలం పూర్తిగా ఆగిపోయి, ఒలింపిక్స్‌లో నిన్ను చూడాలని కొడుకు అడిగాడని మళ్లీ వచ్చాడు. 2024 పారిస్‌లో, 30 ఏళ్ల వయసులో, అయిదో ఒలింపిక్స్‌లో, నోవా విలియమ్స్‌తో కలిసి రజతం గెలిచి రిటైర్ అయ్యాడు.

మన పిల్లలందరూ ఒలింపిక్స్‌కి వెళ్తారని నేను అనడం లేదు. పద్నాలుగేళ్లకి ఏడో స్థానం వచ్చిన పిల్లాణ్ని ఆపేసి ఉంటే ఇందులో ఏదీ జరిగేది కాదు, మనం ఆపేస్తున్నది సరిగ్గా ఆ వయసులోనే. అందుకని వచ్చే ఏడాది నుంచి తొమ్మిది, పది తరగతుల్లో ఆటల పీరియడ్ తీసేయం. పోటీలకి వెళ్లిన పిల్లలకి పోయిన పాఠాలు తిరిగొచ్చిన వారంలోనే టీచర్లు విడిగా చెబుతారు. అయినా మాన్పించాలనుకుంటే, లెటర్ ఇచ్చే ముందు ఒకసారి పిల్లాణ్ని కూడా వెంటబెట్టుకుని నన్నూ పీఈటీ సర్‌నూ కలవండి, వాడి మాట కూడా విందాం.

సెలవుల గురించి ఒక హెచ్చరిక. ఈ కథ విన్నాక మా పిల్లలు దూకుతాం అంటున్నారు, నాకదే భయం. పోటీల్లో పది మీటర్ల ప్లాట్‌ఫారం కింద నీళ్లు దాదాపు అయిదు మీటర్ల లోతుంటాయి. బందరు కాలువలో, ఏలూరు కాలువలో, కృష్ణ ఘాట్ల దగ్గర లోతెంతో, అడుగున రాయి ఉందో ఇనుప చువ్వ ఉందో పైనుంచి ఎవరికీ కనపడదు. వంతెనల మీద నుంచి, గట్ల మీద నుంచి దూకడానికి వీల్లేదని ఇంట్లో గట్టిగా చెప్పండి. ఈత నేర్పించాలంటే కోచ్, లైఫ్‌గార్డ్ ఉన్న పూల్‌కే పంపండి, మొదటి కొన్ని రోజులు మీలో ఒకరు గట్టు మీద కూర్చోండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు