ఇంజెక్షన్ ఇచ్చే ముందు రెండు రక్త పరీక్షలు: ఆరోగ్య మంత్రి గారికి ఒక తల్లి లేఖ

తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి, నమస్కారం.

మా పాపకు తొమ్మిదేళ్లు. పుట్టినప్పుడే ఎడమ తొడ మీద నీలంగా, మెత్తగా ఒక వాపు ఉంది. గ్రహణం రోజు బయట తిరిగి ఉంటావని మా అత్తమ్మ నన్నే అన్నది. నాలుగేళ్లు అదే నిజమనుకుని ఏడ్చాను. అది వీనస్ మాల్‌ఫార్మేషన్ అని, కడుపులో ఉన్నప్పుడే సిరలు సరిగ్గా ఏర్పడక వస్తుందని తర్వాత ఒక డాక్టరమ్మ చెప్పింది.

ఆ సాగిపోయిన సిరల్లో రక్తం మెల్లగా కదులుతుంది, గడ్డలు కడుతుంది, మళ్లీ కరుగుతుంది. కొన్ని గడ్డలు రాళ్లవుతాయి. పాప తొడ తడిమితే శనగ గింజల్లా చేతికి తగులుతాయి. రక్తాన్ని గడ్డకట్టించే ఫైబ్రినోజెన్ అనే ప్రోటీన్ ఈ గడ్డలకే ఖర్చయిపోతే, నిజంగా దెబ్బ తగిలినప్పుడు రక్తం ఆగదు. మాకు జరిగింది అదే. స్క్లీరోథెరపీకి, అంటే ఆ సిరలు మూసుకుపోయేలా ఇంజెక్షన్‌తో మందు ఎక్కించే ముందు, డి-డైమర్ (లోపల గడ్డలు కట్టి కరుగుతున్నాయని చెప్పే పరీక్ష), ఫైబ్రినోజెన్ ఎవరూ చూడలేదు. మర్నాడు సూది గుచ్చిన చోటల్లా రక్తం కారి, పిల్ల ఐసీయూలో పడింది.

వేరే ఆసుపత్రిలో క్రయో (ఫైబ్రినోజెన్ ఉండే రక్త భాగం) ఎక్కించి, రక్తం ఆగాక ఎనాక్సాపరిన్ ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. ఇంత రక్తం పోయిన పిల్లకు మళ్లీ రక్తం పలచబడే మందా అని మా ఆయన గొడవ పెట్టుకున్నాడు. లోపల గడ్డకట్టడం ఆగితేనే ఫైబ్రినోజెన్ మిగులుతుందని మాకు అర్థమవడానికి వారం పట్టింది. ఇప్పుడు సిరోలిమస్ కూడా వాడుతున్నాం, కిడ్నీ మార్పిడి అయినవాళ్లకు ఇచ్చే మందే.

అదే వార్డులో మూడు నెలల బాబుకు కసాబాక్-మెరిట్. అది వేరే జబ్బు: ఒంట్లోని రక్తనాళాల కణితే రక్తం ఆగడానికి కావాల్సిన ప్లేట్‌లెట్లను మింగేస్తుంది. ప్లేట్‌లెట్లు ఎక్కిస్తే ఆ కణితి ఇంకా ఉబ్బవచ్చని, బాగా రక్తం కారితే తప్ప ఎక్కించరట. వాడికీ సిరోలిమస్సే రాశారు.

అడ్మిట్ అయిన రోజుల ఖర్చు ప్రభుత్వ కార్డు మీద గడిచింది. ఇంట్లో వాడే ఇంజెక్షన్లు, మాత్రలు, నెలనెలా రక్త పరీక్షలు మా జేబులోంచే. పిల్లను ఐసీయూకి పోకుండా కాస్తున్నవి అవే సార్, వాటిని పథకంలో చేర్చండి. ఈ పిల్లలకు స్క్లీరోథెరపీ, ఆపరేషన్ చేసే ముందు ఆ రెండు పరీక్షలు తప్పనిసరి అని ఒక జీవో ఇవ్వండి. 2021 జాతీయ విధానం కింద నిమ్స్ అరుదైన వ్యాధుల కేంద్రం కదా, అక్కడ వారానికి ఒక పూట సర్జన్, రేడియాలజిస్ట్, రక్త వ్యాధుల డాక్టర్ కలిసి కూర్చునేలా చూడండి. మూడు ఓపీ చీటీలకు మూడుసార్లు బస్సెక్కడం మా వల్ల కావడం లేదు.

వచ్చే నెల పాపకు మళ్లీ స్క్లీరోథెరపీ ఉంది. ఈసారి పరీక్ష కాగితాలు నేనే ముందుగా ఫైల్లో పెట్టుకున్నాను.

ఇట్లు,
నల్లగొండ జిల్లా నుంచి ఒక తల్లి